తలుగు

గద్వాలలో, చీరల దుకాణం మీది గదిల
నేనూ దస్తగిరీ మూడు నెలలుగా
ఒక యాప్ కడుతున్నం.
తుంగభద్ర పొంగిన నాడు
ఇంట్ల పెంచుకున్న నోరులేని ప్రాణాలను కాపాడే యాప్.
అతను కోడు రాస్తడు, నేను తెరలు గీస్త.
మొదటి తెర మీద లేత నీలం,
బొద్దుగా నవ్వే కుక్కపిల్ల.
ఆ కుక్కపిల్ల చెవులకే నాకు రెండు దినాలు పట్టింది.
దాని కింద ఖాళీ గడి:
మీ పెంపుడు ప్రాణి పేరు?

ఆదివారం రాజోలి పోయినం, ఎవరితోనన్న వాడించి చూద్దామని.
ఉరుకుందమ్మ మగ్గం గుంతలోంచి లేవకుండనే
ఫోన్ అందుకున్నది.
చీర అంచు నున్నగున్నదో లేదో చూసినట్టు
బొటనవేలితోని తెరను తడిమింది.
"పేరంటే?
నల్లదాన్ని నల్లది అంట. చెవి చినిగినదాన్ని చినిగినది అంట.
పిల్లికి పేరెందుకు?
పాలగిన్నె చప్పుడైతే అదే వస్తది."

కుక్క, పిల్లి, పక్షి, ఇతరములు.
నాలుగు కోళ్లు పక్షులల్ల కలిసినయి.
మేకలు రెండూ ఇతరములైనయి.
"మేక ఇతరమా?" అన్నది,
సొంత చెల్లెను పరాయిదంటే అడిగినట్టు.
మార్చాలె అని రాసుకున్న.
వయసు?
"మా నడిపోడు బడిల పడ్డ ఏడు పుట్టింది."
ఫోటో?
చినిగినది ముందుకొచ్చి ఫోన్‌ను నాకింది.
ఆ నాలుక తడికి ఎర్రమీట నొక్కుకుని
బయట అరుగు మీదున్న దస్తగిరి జేబుల
ఆపద గంట మోగింది.
ఆ దినం మా పరీక్షల నెగ్గింది ఆ మేక ఒక్కటే.

నవ్వి నవ్వి, ఆగి, ఉరుకుందమ్మ చెప్పింది:
"నీళ్లు మొదలు ఈ గుంతలకే వస్తయి బిడ్డా.
పెద్ద వరద నాడు కాళ్లాడే తావుల కుతకుత ఊరినయి.
పడుగు కోసుకుందామంటే చెయ్యి రాలే.
పిల్లలను సంకనేసుకుని చీకట్ల గడ్డకు ఉరికినం.
మూడోనాడు తిరిగొచ్చి చూస్తే
గుంజ అట్లనే ఉన్నది.
తలుగు అట్లనే ఉన్నది.
ముడి బిగిసి బిగిసి రాయి అయింది.
నేనేసిన ముడే."

దినానికి నూరు పోగులు తెగుతయి, నూరు అతుకుతదట ఆ చెయ్యి.
ఆ రాత్రి
ఒక్క ముడి విప్పడం యాదికి రాలేదు.

"అప్పుడు నీ ఫోన్ ఉంటే ఏం చెప్తుండె?"

చూపించిన.
పేరు నమోదు. టీకాల వివరాలు. షరతులకు ఒప్పుకుంటున్నాను.
దగ్గరి పశువుల దవాఖాన, పటం తెరుచుకుంటున్నది, ఆగండి.
ఏడు తెరలు.
"ఇదంత చదివేటాలకు
నీళ్లు నడుముకొస్తయి" అన్నది
కోపం లేకుండ.
మళ్ల నాడె అందుకున్నది.

శాంతినగర్ దాటినంక, బస్సుల,
కుక్కపిల్లను చెరిపేసిన.
చెవులు చివరికి పోయినయి.
దస్తగిరి కిటికీ దిక్కు చూసుకుంట అన్నడు:
సిగ్నల్ లేకున్నా పలకాలె.
రెండు శాతం ఛార్జింగున్నా పలకాలె.
చదువు రానోళ్లకూ పలకాలె.

ఇప్పుడు మొదటి తెర మీద రెండే మాటలు:
తలుగు విప్పు.
గొంతు ఉరుకుందమ్మది.
వెనక మగ్గం టకటక వినిపిస్తది,
తీసెయ్యమన్న, దస్తగిరి తియ్యలేదు.
మిగిలిన ఆరు తెరలూ తర్వాత వస్తయి,
గడ్డకెక్కినంక, తల తుడుచుకున్నంక.
ఇతరములు అన్న మాటకు బదులు ఏం పెట్టాల్నో
ఇంకా తేలలేదు.

నిన్న రాత్రి ఒకటిన్నరకు
గంట ఎంత దూరం వినిపిస్తదో చూద్దామని మోగించినం.
కింద దుకాణం కావలి తిమ్మప్ప
నిద్రల ఎగిరి లేచిండు.
వాన లేదు, వరద లేదు, ఆకాశం నిండ చుక్కలు.
ఉరికిపోయి
మెట్ల కింద కట్టేసిన కుక్క తాడు విప్పిండు.
విప్పినంక
తల పైకెత్తి
మమ్మల్ని తిట్టుడు మొదలుపెట్టిండు.