డెబ్బై పైసలు

ఓబుళపతి బండిని తోసుకుంటా వచ్చినాడు,
తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీల వెనక నా షెడ్డుకు.
పాత యెజ్డీ. ముందు మడ్‌గార్డు మోకాలెత్తు పైకి లేపి,
సైలెన్సరు నడుము మీదికి వంచి,
హెడ్‌లైటు ఉండే చోట ఒక నంబరు రేకు.
పదమూడులో ఒకటి ఎగిరిపోయి మూడే మిగిలింది.

"పెన్న ఇసకలో ఎగిరిన బండిరా మాబూ ఇది,
ఇప్పుడు స్పీడుబ్రేకరు చూస్తే చాలు, మూతి నేలకు పెడతాది."

చక్రం తీసి, ఫోర్కు కాళ్ళు రెండూ ఊడదీసి
బల్ల మీద పండబెట్టినా.
కింది బోల్టు వదిలితే నూనె రాలేదు,
కాటుక దిగింది.
రెండు వేళ్ళ మధ్య రుద్దితే గరగర,
మా ఊరి బండల పొడే,
ఎప్పుడు దూరిందో, సీలును నమిలి నమిలి.

పై మూత తిప్పుతాంటే స్ప్రింగు తన్నింది.
ఏందో ఎగిరి గోడకు తగిలి
డబ్బాల సందులో పడింది.
టార్చి వేసి వెతికితే, పది పైసల బిళ్ళ!
పూవు రేకుల అంచులు,
ఊదితే పోయేంత అల్యూమినియం.
కుడికాలులో నాలుగు, ఎడమకాలులో మూడు.
అన్నిటికీ అడుగున ఉన్నదాని మీద
స్ప్రింగు కొరికిన గుండ్రటి పంటిగాటు.

బిగువు చాలకపోతే మూత కింద వాషర్లు పేరుస్తాం మేము.
ఎవరో వాషర్లు దొరక్క దుడ్లు పేర్చినాడు.
నాలుగూ మూడూ ఎందుకు?
ఏడే దొరికింటాయి.

"దస్తగిరి," అన్యాడు ఓబుళపతి.
బిళ్ళల్ని అరచేతిలో పెట్టుకొని చానాసేపు చూసినాడు.
ఉన్నట్టుండి, "డెబ్బై పైసలు!" అని అరిచినాడు.

అప్పుడాయన ఆర్టీసీ కండక్టరు.
రేసుకు ముందురోజు, డ్యూటీ దిగి నేరుగా
దస్తగిరి షెడ్డుకు పోయి
సంచి హ్యాండిలుకు తగిలించి టీ తాగొచ్చినాడంట.
ఆ రేత్రి డిపోలో లెక్క డెబ్బై పైసలు తక్కువ.
సంజాయిషీ రాయించుకున్యారు.
సీట్ల కింద వెతికినాడు,
పామిడిలో దిగిన ముసలామెను అనుమానించినాడు,
పాపం, ఆమె కోడిపిల్లకు కూడా టికెట్టు అడిగిన మనిషి.
రేసులో మాత్రం రెండో స్థానం.

"నా దుడ్డు మీదనే ఎగిరినా గదరా నేను!"

గొట్టాలు బెంగుళూరు పోయి క్రోమింగు చేయించుకొని
పదైదు దినాలకు తిరిగొచ్చినాయి.
కొత్త సీళ్ళకు నూనె పూసి
పీవీసీ పైపు ముక్కతో మెల్లగా దించినా,
వంకరపోతే మళ్ళా మొదటికే.
నూనె కొలిచేదానికి నా కూతురు పాలసీసా:
కాలుకు నూట డెబ్బై, గీతకు వెంట్రుకంత కూడా ఎక్కువ కాకుండా.
ఇంట్లో ఈ సంగతి ఇంకా తెలీదు.

ఏడు బిళ్ళలూ ఉండేచోటే పెట్టినా.
గొట్టానికి దారం చుట్టి, ఆయన్ని ఎక్కి కూచోమన్నా.
దారం వేలెడు కూడా జరగలేదు.
అప్పుడు ఎనభై కేజీలు ఆయన.
ఇప్పుడు గింజలు తీసేసిన గోనెసంచి.
నేను నోరు తెరవలేదు. స్ప్రింగుకు మొగమాటం యాడిది?

ఒకటి తీసినా. కూచో.
ఇంకొకటి. కూచో, లే.
ఆయన దిగతా ఎక్కతా దారం దిక్కే చూస్తాండాడు,
తూకం రాళ్ళను చూసే రైతు మాదిరి.
ఆరో బిళ్ళ తీసినాక
దారం మూడువేళ్ళు దిగి ఆగింది.
ఎడమకాలులో ఒకటి మిగిలింది.
చాలు అనిపించింది, మూత బిగించినా.

సాయంత్రం ఎండిన పెన్నలో
గట్టు మీద నుంచి దూకించినాడు.
నాకు గుండె ఆగింది, బండికి ఆగలేదు.
ఒకసారి కుంగి, ఒకసారి లేచి,
ఇంక ఊగలేదు, అంతే.
ఆయన మాత్రం ఇసకలో కాలు పెట్టి చానాసేపు దగ్గినాడు.

పోతాపోతా జేబులో బిళ్ళలు తీసి లెక్కపెట్టినాడు.
ఒకసారి. ఇంకోసారి.
"మళ్ళా పది పైసలు తక్కువరా మాబూ."

నేను చేతులు తుడుచుకుంటా
ముందు చక్రం దిక్కు చూసినా.