బొడ్డు కింది పేర్లు

ఆగస్టు. సొహార్ ఆస్పత్రిలో కిటికీ అద్దం
లోపలి వైపు ముట్టుకున్నా చురుక్కుమంటుంది.
మూడో అంతస్తు తుడుస్తుంటే కేకేశారు:
"నూకరత్నం, నీ భాషవాడొకడు వచ్చాడు."
మాప్ గోడకి ఆనించి చేతులు కడుక్కున్నాను.
పదకొండేళ్ళు అరబ్బుల వంటిళ్ళలో నేర్చిన అరబ్బీ
ఆ పూట నాకు కుర్చీ వేసింది.

బల్ల మీద ప్లాస్టిక్ మనిషి, నడుం నుంచి తొడల దాకానే.
రెండుగా విప్పితే లోపలివన్నీ ఊడొస్తాయి.
మూత్రసంచి కింద ఉండాల్సిన గ్రంథి ముక్క
ఎప్పుడో ఎవరి జేబులోకో పోయిందట.
ఆ గుంటలో డాక్టర్ హాతెం
ఒక ఖర్జూరం పెట్టాడు.
నవ్వలేదు.

ఎదురుగా దూడం చంద్రమౌళి, సిరిసిల్ల.
ఇరవయ్యేళ్ళు మగ్గం, తొమ్మిదేళ్ళు రేవులో ట్రెయిలర్.
కుర్చీ అంచున ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాడు.
రక్తం పడితే మొలలనుకున్నాడు,
బండి సీటు వేడనుకున్నాడు,
ఏడు నెలలు లబన్ సీసాలు తాగాడు.

డాక్టర్ ఒక మాట అంటాడు,
నేను దానికి తెలుగు వెతుకుతాను.
పెద్దపేగు, అది సులువే.
పొత్తికడుపులో ఎడమ పక్క కొడవలిలా ఒంపు తిరుగుతుందన్నాను.
ఆ ఒంపు దాటాక
వెన్ను చివర చేటలా వంగిన ఎముక ఒడిలో
జానెడు దిగే గొట్టం ఉందే,
దాని పేరు?
పురీషనాళం అని పుస్తకాల్లో ఉందట,
మందుల గదిలో కుర్రాడు తర్వాత చెప్పాడు.
అది తెలిసున్నా ఏం లాభం,
ఆ మాట ముందు మేమిద్దరం చెప్పులు విప్పి నిలబడేవాళ్ళం.
మా ఊళ్ళో ఉన్న మాటేమో తిట్టు.
అమ్మ "కూర్చునే చోటు" అనేది.
పొట్ట దాకా మెట్లు చక్కగా దిగే భాష
బొడ్డు దాటగానే దీపం ఆర్పేస్తుంది.

"ముడ్డి అను అక్కా," అన్నాడు చంద్రమౌళి.
"మా దిక్కు గదే మాట. తిట్టేం గాదు."
అన్నాను.
చెవులు కాలాయి గానీ
ఏదీ కూలిపోలేదు.

గొట్టం చుట్టూ కొవ్వు,
కొవ్వు చుట్టూ ఉల్లిపొరంత తెర.
ఆ తెర చిరగకుండా మూటలా తీసెయ్యాలి.
ముందు మూత్రసంచి, దాని కింద ఖర్జూరం,
అన్నిటినీ మోస్తూ జోలెలా కండరం,
చిట్టచివర రెండు ఉంగరాలు:
ఒకటి మన మాట వింటుంది,
ఒకటి వినదు.
తెర బయట, అటూ ఇటూ, నరాలు.

ఎంత సన్నం? అడిగాడు.
డాక్టర్ తన కోటు చేతి అంచున
వేలాడే దారం తెంపి ఇచ్చాడు.
చంద్రమౌళి దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి
కిటికీ వెలుతురుకి పట్టాడు.
"ఎనభై నంబరు నూలు. తడి మీదుంటే ఆగుతది.
గుంజితే పోతది.
నిమ్మలంగ పట్టుమను."
అరబ్బీలో అదే చెప్పాను.
డాక్టర్ అప్పుడు చూశాడు అతని చేతుల్ని.

"తెగితే?"
ఒంటికి పోవడం వశం తప్పొచ్చు.
ఇంకొకటి కూడా.
ఆ ఇంకొకదానికి నేను మాట వెతకలేదు,
ఏసీ మీద ఎర్రగా వెలిగే ఇరవై రెండు చూస్తూ కూర్చున్నాను.
అతనికి అర్థమైంది.
"మా ఇంటామెకు నలభై రెండు," అన్నాడు.
అంకె ఒక్కటే అరబ్బీలోకి మార్చాను.
ఎవరూ ఏమీ అడగలేదు.

కొన్నాళ్ళు పొట్ట మీద సంచీ ఉంటుంది,
ఎక్కడ పెట్టాలో గుర్తెయ్యాలి, లెమ్మన్నారు.
నేను గోడ వైపు తిరిగాను.
"లుంగీ ముడి ఇక్కడొస్తది సారూ,
జర కిందికి గీయుండ్రి."
పెన్ను చర్మం మీద కదిలిన చప్పుడు
విన్నాననే అనుకుంటాను.

సాయంత్రం ఆ గది తుడవడం నా వంతు.
బల్ల మీద అన్నీ విప్పినవి విప్పినట్టే.
ఒక్కో ముక్కా పేరు పెట్టి పిలిచి లోపల పెట్టాను,
పైకే, గట్టిగా, అన్ని పేర్లూ.
చీమలొస్తాయని ఖర్జూరం తీస్తే
వేళ్ళకి అంటుకుంది.
గింజ లేదందులో.
ముందే తీసేశాడు:
మధ్యలోంచి నీటికి దారి ఉండాలి కదా.