సున్నం ఆరేలోగా

మా విజ్ఞాన సర్వస్వం మూడో సంపుటిలో
గ్రానైటు తర్వాత, గ్రాఫైటుకు ముందు
వేలెడంత చోటు.
పైన రాయి, కింద పెన్సిలు ముల్లు.
నడుమ వీళ్ళని కూర్చోబెట్టొచ్చో లేదో తేల్చమని
పరాంకుశం గారు సోమవారం దాకా గడువిచ్చారు.

వీళ్ళంటే
బేసిన్ బ్రిడ్జి నుంచి వ్యాసర్పాడి దాకా
రైలుకట్ట పక్క గోడలమీద
రాత్రి ఒంటిగంటకి పేర్లు రాసుకునేవాళ్ళు.
అమ్మానాన్నలు పెట్టినవి కావు.
నిశి. తొండ. నలభై రెండు బి.
ఉప్పు.
తమిళంలో రాసినా తెలుగులో చదివినా
ఉప్పు ఉప్పే కనుక
ముందుగా నా నాలిక్కి తగిలింది అదే.

"ఆధారం?" అంటారాయన, కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టి.
తమ గురించి తాము రాసుకున్నది చెల్లదు,
ఇంకెవరో రాసి ఉండాలి, అదీ అచ్చులో.
న్యాయమే.
ప్రతివాడూ తన పేరు తానే పట్టుకొచ్చి
నన్నూ ఎక్కించమంటే ఎన్ని సంపుటాలు చాలుతాయి?

మరి రెండో సంపుటిలో ఒకాయన ఉన్నాడు,
గుడికి మూడు గొర్రెలిచ్చి దీపం పెట్టించి
ఆ సంగతి తనే గోడకి చెక్కించుకున్నవాడు.
ఆయనకి అరపేజీ.
"అది రాయమ్మా," అన్నారు పరాంకుశం గారు,
"ఉండిపోయింది."

మూడు రోజులు ఎగ్మూరులో పాత పేపర్లు తిరగేశాను.
దొరికింది రెండు లైన్లు, శీర్షిక 'తుంటరి చేష్టలు'.
నాలుగో రోజు కార్పొరేషను ఆఫీసులో ఒక బిల్లు:
గోడరాతల తొలగింపు నిమిత్తం
సున్నం ఆరు బస్తాలు, కుంచెలు పన్నెండు,
కూలి రెండు రోజులు.
తేదీ ఉంది, సంతకం ఉంది, గుండ్రటి ముద్ర ఉంది.
వీళ్ళు ఉన్నారనడానికి
చెరిపిన లెక్కే సాక్ష్యం.

జమ్రూద్ టైలరు నన్ను నిలబెట్టి అడిగాడు:
"నా షట్టరు మూడుసార్లు పాడుచేశారు.
రంగు ఖర్చు నాది. మీ పుస్తకంలో నా పేరూ వేస్తారా?"
జవాబు లేక
గోడమీద పిల్లిలా నిలబడ్డాను.

ఉప్పు ఒక ఆడపిల్ల. ఎళిలరసి.
తరమణిలో పాలిటెక్నిక్, గోళ్ళకింద నీలం.
స్టేషను బయట టీ తాగుతూ నవ్వింది:
"పుస్తకంలో ఎక్కితే చదివేది మా అమ్మా? పోలీసు.
మేం రాసేది మాలో మాకు."
గ్లాసు కింద పెట్టాక, వెళ్ళబోతూ, వెనక్కి తిరిగి:
"ఒకవేళ వేస్తే మాత్రం
ఉ తోక కుడివైపుకి బాగా లాగండి.
పొట్టి తోక నాది కాదు."

ఆదివారం తెల్లారుజామున
పెంచలయ్య సున్నం బకెట్టు దించాడు.
తాతలనాడు నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబం,
పదకొండేళ్ళుగా ఈ గోడలు అతనివే.
"ఇదో ఈ వంపు సూడమ్మా, తొండది.
పోయిన వానల కాణ్ణించి చెయ్యి తిరిగింది.
ఆ మూల కొత్త పిల్లోడు, ఇంకా ఒణుకు పోలా.
ఉప్పుగాడు మాత్రం
పక్కోడి రాతమీద రాయడు. మర్యాదస్తుడు."
ఏం రాశారో చదువుతావా అన్నాను.
"అచ్చరాలు రావమ్మా నాకు. చెయ్యి ఎరుగుదును."

నోటిమాట. చెల్లదు.
అయినా రాసుకున్నాను, బిల్లు వెనకవైపు.

కుంచె ముంచి ఉప్పుమీద అడ్డంగా లాగాడు.
తడి సున్నం పలచన.
లోపల నీలం ఇంకా కనబడుతూనే ఉంది,
తోకతో సహా.
ఎంతసేపట్లో తెల్లబడుతుందని అడిగితే
పెంచలయ్య తూర్పుకి చూసి అన్నాడు,
"ఎండని బట్టి."