ఊడిన చెక్క

ఫుట్‌స్క్రే పాత వీధుల్లో
ఒక సందు మూసుకుంటే ఇంకోటి పిలిచేదట.
ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచిన కార్మెలాకి
పటం ఉండేది కాళ్ళలోనే.

మెల్‌బోర్న్ పడమటికి పాకింది.
గడ్డినేల మీద లేచిన మా కాలనీలో
ప్రతి వీధి పేరు చివరా కోర్టే.
ఏ కోర్టుకెక్కినా ఒకటే తీర్పు:
వెనక్కి తిరుగు.

మా పెరటి కంచె వెనకే ఆవిడ నిమ్మచెట్టు.
నేను పోపు వేస్తే
అక్కణ్ణుంచి తుమ్ము వినిపిస్తుంది.
ఆవిడ గుమ్మం తొక్కాలంటే మాత్రం
కారు, రెండు రౌండబౌట్లు, పదకొండు నిమిషాలు.

మొన్న గాలివానకి
కంచెలో ఒక చెక్క ఊడింది.
బిగిద్దామని సుత్తి పట్టుకెళ్ళాను.
అవతల ఆవిడా సుత్తితోనే ఉంది.

మేకులు మర్చిపోయానన్నాను.
ఆవిడ జేబు గలగలమంది.
తనూ మర్చిపోయిందట.