పల్లమెరుగు

ముందు చివర్ని పట్టుకోవాలి.
వాన ఎక్కడ పుట్టిందని కాదు,
ఏ తూము కింద దాటిపోతుందో అక్కడ
మ్యాపులో గుండుసూది గుచ్చాలి.
నేను గుచ్చింది సింగ్‌నగర్ వెనక,
బుడమేరు గుర్రపుడెక్కని ఒళ్లంతా కప్పుకుని
ఒదిగి మలుపు తిరిగే చోట.

అక్కణ్ణుంచి వెనక్కి నడవాలి, మిట్టెక్కుతూ.
కాంటూరు గీతల మొనలు ఎగువకి చూస్తే వాగు,
దిగువకి చూస్తే గట్టు.
గట్టు మీంచి గట్టు మీదకే అడుగెయ్యాలి.
ఎక్కడా నీళ్లు దాటకూడదు,
దాటితే గీత తప్పినట్టే.

స్టాఫ్ పట్టుకుని ఏసురత్నం ముందు నడుస్తాడు.
ఎరుపూ నలుపూ అంకెల కర్ర,
ముప్ఫై ఏళ్లుగా అదే భుజం.
గుణదల కొండ నెత్తిన ఆగి
"ఇక్కడ నిలబడి ఉచ్చ పోస్తే
సగం అటు, సగం ఇటు పోద్ది మేడమ్,
ఇదే మీ గీత" అన్నాడు.
వెంటనే కింద మేరీమాత గుర్తొచ్చి
నాలిక కరుచుకుని సిలువ వేసుకున్నాడు.
నేను ఫీల్డుబుక్కులో
'శిఖర రేఖ నిర్ధారణ అయినది' అని రాసుకున్నాను.

ఒకే మబ్బు, ఒకే క్షణం,
జానెడు ఎడంగా పడ్డ రెండు చినుకులు.
ఒకటి బుడమేరు వెంట కొల్లేటికి,
ఇంకోటి కాలవల్లో పడి బందరు వైపు.
మళ్లీ కలిస్తే ఉప్పులోనే.

ఆఫీసులో రిజ్వాన్ ఇదంతా కంప్యూటర్ని అడిగాడు.
అది అరనిమిషంలో గీసింది.
కానీ ఆకాశం కంటికి
అపార్టుమెంటూ కొండే, ఫ్లైఓవరూ ఆనకట్టే.
దాని లెక్కలో వాన
రైలుకట్ట ముందు టోలుగేటు లారీల్లా నిలబడిపోయింది.
ఒక్కొక్క కల్వర్టునీ మౌసుతో తవ్వుకుంటూ పోయాం.
ఒకటి దొరకలేదు.
కాగితం మీద ఉంది,
నేల మీద మాత్రం దాని నెత్తిన ఇడ్లీబండి ఉంది.
రెండు ప్లేట్లు తిని, ఆ సంగతీ రాసుకున్నాం.

నున్న వైపు మామిడితోట
పదిపాళ్ల వానలో ఏడు తాగేదని మా లెక్క.
ఇప్పుడక్కడ లేఅవుటు.
ఒకటి చప్పరించి
తొమ్మిది కిందికి ఉమ్ముతుంది.

తిరిగి తిరిగి గీత
మొదలైన సూది దగ్గరికే రావాలి.
చివరి కిలోమీటరులోనే చిక్కంతా.
అక్కడ నేల అట్లపెనం.
ఎటు మిట్టో, ఎటు పల్లమో
లెవెలు బుడగ కూడా తేల్చుకోలేదు.
మా షీటు పాతికవేలకి ఒకటి.
నా పెన్సిల్ మొన అర మిల్లీమీటరు.
అంటే నేల మీద పన్నెండున్నర మీటర్లు,
అంటే ఒక వీధీ, ఇటు గుమ్మాలూ అటు గుమ్మాలూ,
ఎండేసిన బొంతలూ.

ఆ పెన్సిల్ మందంలో నాగూర్‌బీ ఉంటుంది.
గోడకి కిటికీ పైదాకా మట్టి చార,
రెండుసార్లు సున్నం కొట్టించినా
తేలి మొహం చూపిస్తుంది.
"మా ఇల్లు నీ గీతకి లోపలా, బయటా?"
కాగితం తిప్పాను. అటు తిప్పాను, ఇటు తిప్పాను.

ఆమె లోపలికెళ్లి చెంబు తెచ్చి
వీధి మధ్యలో ఒంపింది.
నీళ్లు ఆగాయి,
తిరణాలలో చెయ్యి వదిలేసిన పిల్లాడిలా
మా ముగ్గురి కాళ్లనీ చూశాయి.
ఆ తర్వాత తెలిసిన దారే అన్నట్టు
ఆమె గడప వైపే వెళ్లాయి.

ఏసురత్నం కర్ర దించి
చెప్పులు విడిచి పక్కకి జరిగాడు.

నీరు పల్లమెరుగునంటారు.
సామెతలో మిగతా సగానికి
మా ఫారంలో గడి లేదు.

పెన్సిల్ చెక్కి
గీతని ఆమె పెరటి అవతల్నుంచి చెరిపి
ఎదురింటి అరుగు మీదకి జరిపాను,
కాగితం మీద వెంట్రుకవాసి.
మార్పుకి ఆధారం ఏమిటని అడిగిన చోట
రాశాను:
ఒక చెంబెడు నీళ్లు.