నెమ్మది

"పొద్దున బాగానే ఉంటుంది,
పదింటికి మొదలవుతుంది దీని మొరాయింపు"
అంది డొరీన్ పాస్కో, చేతుల పిండి ఏప్రన్‌కి తుడుచుకుంటూ.
బాలరాట్‌లో జూలై. బయట నా కారు అద్దం మీద మంచు పెచ్చు.
లోపల ఓవెన్ల వెనక గది,
గది మూల, నేల మీద, రొట్టెల ట్రేల పక్కన
నల్ల డబ్బా.

అప్పటికే దానికి తలా ఓ వైద్యం చేశారు.
అల్లుడు మెమరీ రెట్టింపు చేశాడు.
ఫోన్లో ఎవరో వైరస్ అన్నారు, యాభై డాలర్లు తీసుకున్నారు.
పక్క షాపు కుర్రాడు మనవరాలి ఫొటోలు బరువని
సగం తీసేయించాడు.
ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆమె నా వంక చూడలేదు.

ఆరున్నర. కూర్చున్నాను.
ఇన్‌వాయిస్ అడగ్గానే తెరుచుకుంది.
ఏ తప్పూ ఎరగని పిల్లాడిలా చూస్తోంది స్క్రీను.
మెకానిక్ ముందు ఏ బండీ మోగదు కదా.
సరే, ఉంటాను, అన్నాను.

ఎనిమిది. ఇంకో వాయి లోపలికెళ్ళింది.
తొమ్మిదింబావు. మౌస్ బాణం ఒక్క క్షణం ఆలోచించి కదిలింది.
పది. అక్షరం కొడితే
బావిలో వేసిన రాయిలా
చప్పుడు తర్వాతెప్పుడో.
పదిన్నరకి ఆవిడ బిల్లు ఒకటి నొక్కి,
కెటిల్ పెట్టి, టీ కలుపుకుని వచ్చింది.
విండో ఇంకా తెల్లగానే ఉంది.

మెమరీ సగం ఖాళీ. డిస్క్ గోళ్ళు గిల్లుకుంటోంది.
రీస్టార్ట్ చేశాను. మార్పు లేదు.
అక్కడ ఆగాను.
నిండిపోయిన బుర్రయితే నిద్రలేస్తే తేలికపడాలి,
ఇది లేచీ అలాగే ఉంది.
"సోమవారాలు?" అడిగాను.
"సోమవారం షాపు మూత. లెక్కలు చూసుకుంటాను. ఆ రోజు..."
ఆగింది.
"ఆ రోజు బానే ఉంటుంది."

ప్రాసెసర్ వేగం చూశాను.
మూడున్నర ఉండాల్సింది, ఒకటి కూడా లేదు.
దాని పక్కన వేడి: తొంభై ఎనిమిది.

మా భాషలో ఒక మాట ఉంది, డొరీన్,
నీకు చెప్పలేదు, స్క్రూలు తీస్తూ నాలో నేనే అనుకున్నాను.
జ్వరం తగ్గితే నెమ్మదించింది అంటాం.
మనిషి కుదుటపడితే నెమ్మది.
బురదలో అడుగు చూసి వేస్తే నెమ్మది.
నీ డబ్బా నెమ్మదించింది జ్వరం తగ్గి కాదు,
తలకెక్కకుండా.
కాలిపోకుండా ఉండడానికి
తన పరుగు తానే కోసుకుంది.
దాన్ని మనం బద్ధకం అన్నాం.

మూత తీస్తే
ఫ్యాన్ కింద, సన్నని లోహపు రేకుల సందుల్లో
పదేళ్ళ పిండి.
ఓవెన్ ఆవిరికి తడిసి, ఎండి, మళ్ళీ తడిసి
దిబ్బరొట్టె అడుగులా గట్టిపడింది.
గోటితో గీరితే పెచ్చులుగా ఊడింది.
వాసన చూశాను, ఎందుకో. కొద్దిగా పులుపు.
డొరీన్ వంగి చూసింది. చాలాసేపు చూసింది.
"అది నాదే" అంది,
"నా చేతిదే."

పెరట్లోకి మోసుకెళ్ళి గాలి డబ్బాతో ఊదాను,
నా నల్ల కోటు మీద చిన్న మంచు కురిసింది.
పాత పేస్టు అప్పడంలా విరిగింది.
కొత్తది కందిగింజంత, అంతే, ఎక్కువ పెట్టకూడదు.
నేల మీంచి లేపి అర మీదకి, గోడకి జానెడు ఎడంగా.
అల్లుడు కొన్న మెమరీ ఉండనిచ్చాను. మంచివాడే పాపం.

రసీదులో లోపం అని ఒక గడి ఉంటుంది.
పిండి, అని రాశాను.

మధ్యాహ్నం, ఓవెన్లు నాలుగూ మండుతుండగా
ఆవిడ ఇన్‌వాయిస్ నొక్కి, అలవాటుగా కెటిల్ వైపు తిరిగింది.
వెనక్కి చూసేసరికి అది తెరుచుకుని ఉంది.
కెటిల్ ఇంకా చేతిలోనే.
"మరి నా టీ?" అంది,
నన్ను కాదు, దాన్ని.