గ్లారుసామె

మనామాలో, బాబ్ అల్ బహ్రెయిన్ వెనక
చేపల వాసన మలిగే సందుల మా టైపింగ్ దుకాణం.
అద్దం మీద మూడు భాషల్లో రాసుంటది:
వీసా, రెన్యూవల్, లామినేషన్.
నాలుగో భాష నా నోట్లో ఉంటది.
దానికి రేటు లేదు.

అవాలి నుంచి వచ్చిండు జూడీ సారు,
డెబ్బై దాటిన అమెరికాయన,
రిఫైనరీల పనయిపోయినా ఎండను వదలనోడు.
చంకల అట్టపెట్టె.
అండ్ల మూడు వందల ఏండ్ల మంది.

"పెద్ద కాగితం మీద వంశం వేసియ్యాలె" అన్నడు.
గంటకు రెండు దినార్లన్న.
బేరమాడలే.

కొడుకులు, వాళ్ల తండ్రులు, వాళ్ల తండ్రులు
కొట్టుకుంట కొట్టుకుంట కిందికి దిగితే
అడుగున ఒక పేరు తగిలింది: ట్షూడి.
స్విట్జర్లాండుల గ్లారుస్ అనే కొండల నడిమి జాగ.
"ఎట్ల పలుకుతరు సార్?"
"చూడి."
నవ్వు ఆగలే నాకు.
"మా దిక్కు చూడి అంటే కడుపుతోటి ఉన్న బర్రె సార్."
ఆయన జరసేపు ఆలోచించి
"సరిపోయింది. మస్తు మందిని కన్నది" అన్నడు.

మరి చూడి జూడీ ఎట్లయిందో
ఆరేండ్లసంది వెతుకుతున్నడట.
చర్చీలకు ఉత్తరాలు రాసిండు, పైసలు కట్టిండు.

నన్నడిగితే అప్పుడే చెప్తుంటి.
ఫిలడెల్ఫియా రేవుల ఒక గుమస్తా.
పొద్దుగూకింది, వరుస తరుగుత లేదు.
ముందట నిలబడ్డోని భాష వీనికి రాదు,
వీని భాష వానికి రాదు.
చెవికి తాకింది గీకి, తర్వాతోణ్ని పిలిచిండు.
పాపం వానికి కూడా ఆకలైతుండొచ్చు.

ఆ గుమస్తా నేనే.
అరబ్బీల ప లేదు గనుక
పోయిన బేస్తారం నిర్మల్ పోశెట్టిని బోషెత్తి చేసిన.
వాడు చదువుకోకుండనే మడిచి జేబుల పెట్టుకున్నడు.

హన్స్ యాకోబ్ చూడికి సంతకం రాదు.
ప్రమాణ పత్రం మీద నిలువొక గీత, అడ్డమొక గీత.
సారు ఆ గీతల మీద బొటనవేలు పెట్టి
తియ్యడు.
ఓడ కిరాయి బాకీ కింద
ఎవని పొలంలనో ఐదేండ్లు చేసిండట ఆ మనిషి.
"మిత్తి ఎంత సార్?"
అది కాగితంల లేదు.
నాది నూటికి మూడు. అదీ ఏ కాగితంల లేదు.

హన్స్ యాకోబ్ పక్కన
పెండ్లాం డబ్బా ఖాళీగ ఉన్నది.
పదహారేండ్లు దాటిన మగోళ్లనే
రాసుకున్నరట ఆ లెక్కల.
నడిసముద్రంల ఒక పసిదాన్ని బట్టల చుట్టి
నీళ్లకిచ్చిందని ఎవరిదో ఉత్తరంల ఒక్క వాక్యం.
అండ్ల కూడా "అతని భార్య".
"తెలియదు అని కొట్టు" అన్నడు సారు, కిటికీ దిక్కు చూసుకుంట.

నా వేళ్లు కదల్లే.
మా నాయనమ్మను పేరుతోటి పిలిచినోళ్లు లేరు.
ధర్మపురి నుంచి వచ్చింది, ధర్మపురామె.
అంతే, యాభై ఏండ్లు.
సచ్చిపోయిన్నాడు పంచాయతీల పేరడిగితే
తాత నోరు తెరిచి, మూసి,
బీడీ కోసం తడుముకున్నడు.

ఖాళీ డబ్బాల తెలుగుల కొట్టిన:
గ్లారుసామె.

ప్రింటరు కక్కిన కాగితం చూసి
"ఇదేంది?" అన్నడు సారు.
"ఆమె పేరు సార్. మా దిక్కు గట్లనే పిలుస్తరు."
చదవమన్నడు. చదివిన.
మల్లొకసారి చదవమన్నడు.
మూడోసారి ఆయనే అన్నడు, మెల్లగ,
నోరు తిరగక:
గ్లారుసమ్మ.

దిద్దలే నేను.
లామినేషన్‌కు ఒకటిన్నర దినారు తీసుకున్న.